దోర్చి నవ్విన ఫొటో

తిమోర్ దీవి కొండల్లో మా ఊరి దోర్చికి పదహారేళ్లప్పుడు, వాళ్లమ్మ చెల్లెలు వెల్మి మర్యాదకి ఇచ్చుకునే వక్కా సున్నం పట్టుకుని ఇంటికొచ్చింది. కుపాంగ్ పట్నంలో బట్టల కొట్లో పని ఉందని చెప్పింది. ఆ ఏడు వానల్లేక మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. తీసుకెళ్లేది సొంత చెల్లెలే కాబట్టి తల్లి అనుమానపడలేదు.

పట్నంలో వెల్మి ఆ పిల్లకి కొత్త జాకెట్టు తొడిగి ఫొటో తీసింది. అమ్మకి చూపించాలి, నవ్వమంది. దోర్చి నవ్వింది. మర్నాడు ఒక మనిషి వచ్చి పాస్‌పోర్టు ఇచ్చాడు. అందులో పేరు వేరు, వయసు ఇరవై మూడు. పని ఇంకో పెద్ద ఊళ్లోని కొట్లో అని, విమాన ప్రయాణానికి అలాగే రాస్తారని వెల్మి సర్దిచెప్పింది.

విమానం దిగింది మలేషియాలో. అక్కడ ఒక మేడ మీద, తాళం వేసిన గదిలో, మరో పదకొండు మంది ఆడపిల్లలతో కలిసి పిట్టగూళ్లు శుభ్రం చేయడం పని. పిట్టలు ఉమ్మితో కట్టేవి, డబ్బున్నవాళ్లు సూప్‌లో వేసుకు తాగే గూళ్లవి. నీళ్లలో నానబెట్టి, సన్నటి పట్టకారుతో ఒక్కొక్క ఈకే పీకాలి. ఒక్కటి మిగిలినా యజమానురాలు జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టేది. జీతం లేదు, ఫోను లేదు. ఏడాది తిరిగేసరికి దోర్చికి చూపు మసకబారింది. పిన్నిని కూడా ఎవరో మోసం చేశారనుకుని, ఆమె కోసం రోజూ ప్రార్థన చేసేది.

మూడో ఏడు మా ఊరి పిల్లే, యుస్తా అని, ఆ గదిలోకి వచ్చింది. దోర్చిని చూసి బిత్తరపోయింది.

"నువ్వు కొట్లో ఉన్నావుగా అక్కా? వెల్మి పిన్ని మా అమ్మకి నీ ఫొటో చూపించింది. అది ఎంత సుఖంగా నవ్వుతోందో చూడండి అంది."

దోర్చి పట్టకారు కింద పెట్టేసింది. ఆ రోజు ఎంత కొట్టినా మళ్లీ ముట్టుకోలేదు.

వారం తర్వాత ఇద్దరూ స్నానాలగది కిటికీలోంచి చెత్తబండి వాళ్లని పిలిచి గోడు చెప్పుకున్నారు. వాళ్లు పోలీసుల్ని తీసుకొచ్చారు.

ఊరికొచ్చిన ఆదివారం, చర్చి అయ్యాక దోర్చి వెల్మికి ఎదురెళ్లి నిలబడింది.

"నన్ను అమ్మేస్తున్నట్టు నీకు అప్పుడే తెలుసా పిన్నీ?"

"తిరిగొచ్చావుగా తల్లీ, ఇంకేం కావాలి?" అంది వెల్మి.

కేసు పెడతానంటే తల్లి అడ్డుపడింది.

"అది నా తోడబుట్టింది. దాన్ని వీధిలో పెట్టకే."

"మరి నేనెవర్నమ్మా నీకు?"

తల్లి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. దెబ్బలన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి పుట్టించిందని దోర్చి తర్వాత నాతో అంది.

అయినా దోర్చి, యుస్తా కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆ ఒక్క ఫొటో చూపించే వెల్మి తొమ్మిది మంది పిల్లల్ని తరలించిందని అక్కడ తేలింది. ఆమెకి నాలుగేళ్ల జైలు పడింది. పాస్‌పోర్టు ఇచ్చిన మనిషి ఇంతవరకూ దొరకలేదు. తల్లి నెలకోసారి జైలుకెళ్లి చెల్లెల్ని చూసొస్తుంది, కూతురికి చెప్పకుండా. దోర్చికి తెలుసు. అడగదు.

ఇప్పుడు ఊళ్లోకి పిల్లల్ని పనికి తీసుకెళ్తామని ఎవరొచ్చినా, పిలవకపోయినా దోర్చి వెళ్లి ఆ పిల్లల ఇంట్లో కూర్చుంటుంది. కాగితాలు చూపించమంటుంది. కొందరు తిట్టి పంపేస్తారు. పోయిన నెల ఇద్దరు తల్లులు మాత్రం ఆమె మాట విని పిల్లల్ని ఆపుకున్నారు. వచ్చినవాళ్లు ఆ ఇంటి చుట్టాలైతే దోర్చి ఇంకా ఎక్కువసేపు కూర్చుంటుంది.