కాలువ పలక మీద అమ్మవారు

ఈ కబురు నాకు మొదట తెచ్చినది రవణమ్మ. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేమున్న పాత క్వార్టరుకు ఎదురింటి ఆవిడ. చుట్టాల పెళ్ళికని విజయనగరం వచ్చి, మా ఇంట కాఫీ తాగుతూ చెప్పింది.

"మీ అమ్మ పెట్టిన అమ్మోరిని కదిపేత్తారట నచ్చిమీ. రైల్వేవోళ్ళూ మున్సిపాలిటీవోళ్ళూ ఒక్కటైపోనారు. సూరమ్మత్త ఒప్పుకోడంనేదు. రాయి మీద సెయ్యేస్తే నా మీద ఏసినట్టే అంటంది. నువ్వొచ్చి సెప్తే ఇంటాదేమో."

ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. మా కాలనీ చివర పొడుగాటి గోడ ఉంది. గోడకు ఇవతల రైల్వే, అవతల మున్సిపాలిటీ. ఒక మురుగు కాలువ ఇటునుంచి అటు పోతుంది. అది దాటే చోట గోడకు సందు వదిలి, కాలువ మీద పెద్ద రాతి పలక పరిచారు. నా చిన్నతనంలో ఒక ఏడు రెండు వాడల్లోనూ జ్వరాలు వచ్చాయి. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి చీరలో చుట్టి తెచ్చుకున్న నల్లరాయికి అమ్మ పసుపు రాసి, ఆ పలక మీద నిలిపింది. పక్కన సాయం పట్టింది మా పక్కింటి సూరమ్మత్త. మేము అమ్మోరన్నాం, అవతలి బెంగాలీ ఆడవాళ్ళు శీతలా మా అన్నారు. అప్పటినుంచి ఆ పలకను ఎవరూ ఎత్తలేదు. రైల్వే మనుషులు పలక దాకా తుడిచి ఆగిపోయేవారు. మున్సిపాలిటీ వాళ్ళు పలక అవతలి నుంచి మొదలుపెట్టేవారు, అదీ వేరే రోజున. ప్రతి వానాకాలం జ్వరాలే. ఇప్పుడు రెండు ఆఫీసులూ కలిసి, వానలు రాకముందే, ఒకే ఆదివారం పలక ఎత్తి కాలువ బాగుచేద్దామనుకున్నాయి. ఆ ఆదివారం తప్పిపోతే ఎవరి దారిన వాళ్ళు పోతారని రవణమ్మ భయం.

శుక్రవారం తెల్లవారి విజయనగరంలో హౌరా బండి ఎక్కాను. వెళ్ళాలనుకునే వారికి పగటి బండే మంచిదని చెబుతాను. చిలికా సరస్సు కిటికీలోంచి కనిపిస్తుంది, చీకటి పడే వేళకు దిగిపోవచ్చు. పలాసలో జీడిపప్పు పొట్లం కొన్నాను. ఇంట్లో చేసుకుని వెళ్ళిన పులిహోర భువనేశ్వర్ దాటాక తిన్నాను. ఎదుటి సీటాయన నిమ్‌పురా రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడట. నా సంగతి విని గట్టిగా నవ్వాడు.

"దోమకి పాసు అక్కర్నేదమ్మా. రైల్వేలోనూ తిరుగుతాది, మున్సిపాలిటీలోనూ తిరుగుతాది. మనకే ఈ గోడలు."

బాలాసోర్ దాటాక మనసు బండి కన్నా ముందు పరిగెత్తింది. నేను బడికి పోలేదు. క్వార్టరు వరండాలో గచ్చు మీద సుద్దముక్కతో అమ్మే నాకు అక్షరాలు దిద్దించింది. వర్క్‌షాపు సైరను మోగితే మా చదువు ఆగేది, నాన్నగారికి అన్నం పెట్టే వేళయిందన్నమాట. ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నానంటే ఆ గచ్చు చలవే.

స్టేషను బయట టోటో, అదే బ్యాటరీ రిక్షా, దొరికింది. రవణమ్మ ఇంట్లోనే బస. వేడినీళ్ళు పెట్టి ఉంచింది మహాతల్లి.

శనివారం పొద్దున్నే ఖరిదా బజారుకు వెళ్ళి మందార దండ కొనుక్కుని గోడ దగ్గరకు నడిచాను. సూరమ్మత్త పలక పక్కన పీట వేసుకుని కూర్చుంది. జుట్టంతా ముగ్గుబుట్ట. గొంతు మాత్రం అదే.

"ఒచ్చినావా? నిన్ను కూడా పంపినారేటి ఆళ్ళు?"

"ఎవులూ పంపనేదత్తా. నానే ఒచ్చినాను."

దండ అమ్మవారికి వేసి, ఆవిడ పక్కన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాయి కదలడం నాకూ ఇష్టం లేదు. అది అమ్మ చెయ్యి పడిన రాయి. అయినా అడిగాను. "నిరుడు మీ మనవరాలు డెంగూతో ఆస్పత్రిలో పడుంది కదత్తా. బతుకుతాదో నేదో అనుకున్నారు. అయినా పలక ఎత్తొద్దంటావేటి?"

"నానెప్పుడొద్దన్నానే? ఎత్తమను, తుడవమను. అమ్మోరిని అట్టుకెళ్ళి కాలనీ గుళ్ళో ఎడతారట. ఈ సందు మూసి గోడ కట్టేత్తారట. మరి అవతలోళ్ళేటైపోవాల?" గోడ అవతలి బెంగాలీ ఇళ్ళవైపు చెయ్యి చూపింది. "ఆ దర్జీ మాశీమా కోడలు అదే జొరంతో పోనాది. మాశీమా రోజూ ఒచ్చి దీపం ఎడతాది. అమ్మోరు నా ఒక్కదానికేటి?"

"ఈ మాట ఆళ్ళకి సెప్పినావా?"

"నన్నెవులడిగినారు? అందరూ ఒప్పుకో, ఒప్పుకో అన్నోళ్ళే."

ఇంతలో శెఫాలీ దీదీ వచ్చింది. మున్సిపాలిటీ తరఫున ఇంటింటికీ తిరిగి నీళ్ళ డ్రమ్ములు చూసే మనిషి. రెండు ఆఫీసుల చుట్టూ తిరిగి వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది తనేనట. ఇన్నేళ్ళు మావాళ్ళ మధ్య తిరిగి తెలుగు పట్టేసింది. సంగతి విని నెత్తి కొట్టుకుని, సూరమ్మత్తను బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ అంది.

"మాశీమా! ఇది ముందే చెప్పకూడదా?"

"డ్రమ్ముల్లో పురుగులు సూసినావు గానీ, నా నోట్లో మాట సూసినావేటే దీదీ?"

దీదీ నవ్వేసి మమ్మల్నిద్దర్నీ సాయంత్రం మీటింగుకు లాక్కెళ్ళింది. కాలనీ గుడి అరుగు మీద రైల్వే హెల్త్ ఇన్‌స్పెక్టరు, అవతలి వార్డు కౌన్సిలరు కూర్చున్నారు. గోడ తమదని, సందు మూయమని పైనుంచి మాట వచ్చిందని ఇన్‌స్పెక్టరు అన్నాడు. సూరమ్మత్త లేచి నిలబడింది.

"గోడ మీదే బాబూ. జొరం ఎవులది?"

ఇన్‌స్పెక్టరు ఫోను పట్టుకుని వేపచెట్టు కిందకు వెళ్ళాడు. గుళ్ళో హారతి అయిపోయింది, ప్రసాదం పంచేశారు, ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. చివరకు వచ్చి, గోడ బదులు చిన్న గేటు పెట్టడానికి ఒప్పుకున్నారన్నాడు. గేటుకు అవతల ఇటుకల దారి తాము వేస్తామన్నాడు కౌన్సిలరు. ఇక మీదట వారానికోసారి ఇరువైపుల మనుషులూ ఒకే పూట తుడవాలని కూడా అక్కడే అనుకున్నారు. నేను గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

ఆదివారం ఎండ ఎక్కకముందే సూరమ్మత్త కొంగు పరిచి అమ్మవారిని ఒళ్ళోకి తీసుకుంది. గునపాలు వేసి పలక ఎత్తారు.

కింద కాలువ లేదు. కొబ్బరి చిప్పలు, మట్టి ప్రమిదలు, కుళ్ళిన పూలదండలు, పసుపు గుడ్డలు. పలక పగుళ్ళలోంచీ అంచుల మీదుగానూ జారినవన్నీ అక్కడే పేరుకుని గట్టిపడిపోయాయి. వాటి వెనక నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద దోమలు. జ్వరం పోవాలని మొక్కి వేసిన పూలు.

సూరమ్మత్త వంగి చూసింది. "పువ్వులన్నీ మనవేనే నచ్చిమీ" అంది.

గోడ అవతలి నుంచి దర్జీ మాశీమా కళ్ళు తుడుచుకుంటూ, "ఆమాదేరో" అంది. మావి కూడా అని.

ఇటువాళ్ళు వెదురు గడతో పొడిచారు. అటువాళ్ళు పారలతో లాగారు. పొద్దెక్కాక నీరు కదిలింది. కదిలిన చప్పుడు విని రెండు వైపులా పిల్లలు కేకలు పెట్టారు. గేటు రాబోయే చోట మట్టి దిమ్మ మీద అమ్మవారిని నిలిపి, ఇటొకటి అటొకటి వెదురుబుట్టలు పెట్టాం. ఇకనుంచి పూలు, కొబ్బరి చిప్పలు వాటిలోనే వేయాలి. మున్సిపాలిటీ బండి తీసుకుపోతుంది.

సోమవారం పొద్దున్న తిరుగు బండి. స్టేషను దాకా సూరమ్మత్త వచ్చి, మరమరాల పొట్లం ఒళ్ళో పెట్టింది.

"మా పిల్ల బతికినాది, ఆ పిల్ల పోనాది. అదే కాలవ, అదే దోమయ్యుంటాదే" అంది. బండి కదిలే దాకా కిటికీ ఊచ వదల్లేదు.

కాలనీ ఎర్ర ఇటుకల ఇళ్ళు వెనక్కి పోతుంటే ఈసారి నాకు ఏడుపు రాలేదు. అమ్మ పెట్టిన రాయి ఉంది. అమ్మవారికి మందారాలు తెచ్చేవాళ్ళు ఇరువైపులా ఉన్నారు. ఆ కాలువలో నీరు పారుతోంది. ఒక్క ప్రయాణంలో ఇంత చూపించిన తల్లికి, ఒక మాట మీదకు వచ్చిన ఆ రెండు ఆఫీసుల వాళ్ళకీ, శెఫాలీ దీదీకీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

చదివిన మీకు ఒక్క విన్నపం. ఆ దర్జీ ఇంటి కోడలి పేరు మినతి. నేను ఆవిడను చూడలేదు. మీరెప్పుడైనా ఆ గేటు దాటితే, దాటకపోయినా సాయంత్రం మీ ఇంట దీపం పెట్టుకునేటప్పుడు, మినతిని తలుచుకోండి.