పైవరుసలో చిన్న కాయలు

పక్కచేని అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మదనపల్లె టమోటా మండీలో ఉన్నాను. కురబలకోట దగ్గర మా చేలు రెండూ ఒకే గట్టును ఆనుకుని ఉంటాయి. నేను వెళ్ళేసరికే ఇంటి ముందు జనం. బతికుండగా ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళే ధర్మాత్ముడంటున్నారు. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. అన్నీ మంచి మాటలే.

క్రేటులో పెద్ద కాయలు పైన పెట్టి, నలిగినవి అడుగున వేయడం మాలో అందరికీ అలవాటే. అన్న చిన్నవి పైన పేర్చి, నిగనిగలాడేవి అడుగున పెట్టేవాడు. యాలన్నా ఇట్లా అని అడిగితే నవ్వేవాడు.

"చెడ్డది ముందే సూడనీప్పా. ఆ పైనా కావాలంటే వాడే తీసుకుంటాడు. మనుషుల సావాసమూ అంతే."

అందుకే మండీలో ఆయన క్రేటును ఎవరూ కుమ్మరించి చూసేవారు కాదు.

ఒక ఏడు వానలకు నా కాయలు పగిలిపోయాయి. ఇద్దరి సరుకూ ఒకే బండిలో పోతోంది. పగిలిన కాయలు అడుగున వేసిన నా క్రేట్లు ఆరింటిని ఆయన వాటిలో కలిపేశాను. ఎవరూ చూడరనుకున్నాను. ఆ రోజే వ్యాపారి చేతిలోంచి ఒక క్రేటు జారి బోర్లా పడింది.

"ఏమప్పా పెద్దాయనా, నువ్వు గూడా మొదులుపెట్టినావా?" అన్నాడు నలుగురిలో.

అడుగున పరిచిన గడ్డిని అన్న చూశాడు. గడ్డి పరిచేది నేనొక్కడినే. నా వైపు చూశాడు. నేను ఫోన్ చూసుకుంటున్నాను.

"నావేలేప్పా. పక్కన పెట్టేయ్," అన్నాడు.

ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. అప్పటినుంచి ఆయన క్రేట్లను కూడా కుమ్మరించి చూడటం మొదలైంది. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే కాఫీకి వచ్చేవాడు. తిట్టి ఉంటే బాగుండేది. రానురాను ఆయన ముఖం చూస్తేనే నాకు కోపం వచ్చేది. మనం అన్యాయం చేసినవాడు మంచివాడైతే అతన్ని భరించడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

పదకొండో రోజు అయ్యాక వదిన పిలిచింది.

"ఇదే కడాకోతప్పా. ఆయన సర్దినట్లే సర్దినా. మండీకి నువ్వే తీసకపో. నీకంటే నమ్మకమైనోళ్ళు మాకెవురుండారు?"

తీసుకుపోయాను. చీటీ మీద అన్న పేరు చూడగానే వ్యాపారి అలవాటుగా క్రేటును నేల మీద కుమ్మరించాడు. ఆనాటి ఆరు క్రేట్లూ నావేనని అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇక్కడ రాస్తున్నాను గానీ, అక్కడ చెప్పలేదు. అడుగునున్న ఎర్రటి పెద్ద కాయలు దొర్లుకుంటూ నా కాళ్ళ దాకా వచ్చాయి. వంగి ఒక్కొక్కటే ఏరి క్రేటులో వేశాను.