విమానం ముక్కులో బరువు

అనకాపల్లిలో ఇంట్లో కూర్చుని జర్మనీ యుద్ధవిమానం కట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట చాలామందికి చెప్పాను. రెక్కల పొడవు మాత్రం చెప్పలేదు. జానెడు మీద రెండు వేళ్ళు. ప్లాస్టిక్‌ది. పెట్టెలో ముక్కలుగా వస్తుంది, అంటించి రంగు వేసుకోవాలి.

అసలు గొడవ మోపెడ్‌ది. కంట్లో శుక్లం ముదిరిన రోజుల్లో, ఆవును తప్పించబోయి పడ్డానని ఇంట్లో చెప్పాను. ఆవు లేదు. ఆగి ఉన్న చెరకురసం బండిని గుద్దాను. ఆపరేషనై చూపు తేరుకున్నా మా ఆవిడ తాళం ఇవ్వలేదు. తాళం లేకపోతే నాకు బెల్లం మార్కెట్ లేదు, అక్కడి టీకొట్టు లేదు, పాత స్నేహితులు లేరు. ఆటో ఉంది కదా అంటారు. అది నిండేదాకా కదలదు, అంత ఓపిక నాకు లేదు.

"నలభై ఏళ్ళు మోటార్లకి రాగితీగ సుట్టిన సెయ్యే ఇది," అన్నాను. ముప్ఫై అయితే అయ్యుంటాయి.

"ఆ సెయ్యే గదేటయ్యా బండిని గుద్దింది?" అంది.

అప్పుడే మా అమ్మాయి కాలక్షేపానికని ఈ పెట్టె పంపింది. పందెం కుదిరింది. విమానాన్ని వంకర లేకుండా కట్టి, మూడు చక్రాల మీద నిలబెడితే తాళం నాది. తీర్పరి మా ఆవిడ తమ్ముడు. రాజయ్యపేటలో సముద్రం మీద వేటకెళ్తాడు, ఆదివారం మాకు చేపలు తెస్తాడు.

ఆ విమానం చీకట్లో శత్రు విమానాలను వెతికి కూల్చిన రకం. ముక్కు మీద కొమ్ముల్లా రేడార్ పుల్లలు. లోపల ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. మా ఆవిడ వంగి చూసి, "మనం మాటాడుకోనప్పుడు కూకున్నట్టే ఉన్నారు," అంది. పుల్లలు ఒక్కటీ విరగకుండా అంటించానని రాయాలని ఉంది. అన్నీ విరిగాయి. రాగితీగతో కొత్తవి చేశాను. కంపెనీవాటి కంటే అవే బాగున్నాయి. ఇది మాత్రం గొప్ప కాదు, నిజం.

చిక్కు ముక్కుతో వచ్చింది. అందులో బరువు పెట్టకపోతే విమానం తోక మీద కూలబడుతుందని పెట్టెలోని కాగితంలో బొమ్మ వేసి చూపించారు, బరువు మాత్రం ఇవ్వలేదు. తీగ ముక్కలు కత్తిరించి కుక్కాను. గలగలలాడాయి. కదలకుండా పట్టి ఉంచే మెత్తటిదేదో కావాలి. వంటింట్లో కొత్తబెల్లం ఉంది. పిసికి, తీగ ముక్కల్ని అందులో కలిపి, ముక్కులో దట్టించి అంటించేశాను. విమానం బుద్ధిగా నిలబడింది.

ఆదివారం బావమరిది చేపలసంచి గుమ్మంలో పెట్టి, విమానం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏటి బావా, జెల్లసేపకున్నట్టు దీనికి మీసాలు?"

"రేడారు. సీకట్లో దారి సూపిత్తాది."

"బాగానే నిలబడిందిలే. ముక్కులో ఏటెట్టేవు?"

"జర్మనీ సీసం."

అతను ఇంకాస్త దగ్గరగా వంగాడు. "జర్మనీ సీసానికి సీమలెందుకొత్తన్నాయి బావా?"

ముక్కు చక్రం పైనున్న కంతలోంచి చీమలు బారుగా దిగుతున్నాయి. మా ఆవిడ వేలితో తడిమి వాసన చూసింది.

"నా బెల్లం! పరమాన్నానికి దాసుకున్నాను!"

ఒప్పుకున్నాను. బావమరిది నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు.

"నవ్వింది సాలు. తీర్పు సెప్పు," అన్నాను.

"సెయ్యి వణకలేదక్కా. కన్నూ బాగానే ఉంది. అబద్ధమే సరిగ్గా అతకలేదు."

మా ఆవిడ లోపలికెళ్ళి బియ్యం డబ్బాలోంచి తాళం తీసుకొచ్చింది. చేతిలో పెట్టకుండా పట్టుకునే ఉంది.

"సీకటడకుండా ఇంటికొచ్చీయాల. ఒక్కరోజు ఆలీసమైనా మళ్ళీ ఇవ్వను."

షరతేమీ లేకుండా ఇచ్చిందని టీకొట్టులో చెప్పాను. కానీ ఎండ వాలగానే గ్లాసు సగంలో వదిలేసి లేచిపోతున్నాను. స్నేహితులేమీ అడగడం లేదు.