కింది ఇంటి ఉయ్యాల, పై ఇంటి నేల

2004 నాటి మాట. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నాంపల్లి వైపు నడిస్తే, బట్టల షాపుల వెనక సందులో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. పేరు రాయను, అందులోవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. సెల్లార్‌లో లిఫ్ట్ పక్కనున్న చిన్న గదే ఓనర్స్ అసోసియేషన్ ఆఫీసు. కోఠిలో బీకాం చదివిన నేను అక్కడ మేనేజర్ని. మేనేజర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. నీళ్ల ట్యాంకర్ రాకపోయినా, లిఫ్ట్ మధ్యలో ఆగినా, ఒకరి స్కూటర్ చోట్లో ఇంకొకరు బండి పెట్టినా ముందుగా తిట్లు తినే మనిషి.

అప్పటికి మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. అత్తమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని. ఆఫీసు ఫోన్ మోగితే చాలు, ఇంటి నుంచేమో, పాప మంచం మీంచి పడిందేమో అని గుండె జారేది. లక్డీకాపూల్ వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. గోడకు మేకు కొట్టొద్దన్నది మా ఇంటి ఓనరు పెట్టిన మొదటి షరతు. పాపకు చీరతో ఉయ్యాల కట్టుకుంటాం, పైన ఒక కొక్కెం వేయించుకోవచ్చా అని అడిగితే, "ఖాళీ చేసేటప్పుడు రంధ్రం గూడ తీస్కపోతరా?" అన్నాడు. అందుకే పొద్దంతా ఫ్లాట్ ఓనర్ల గొడవలు వింటూ, సొంతిల్లు ఉండి కూడా వీళ్లకేం తక్కువ అని లోపల్లోపల కుళ్లుకునేదాన్ని.

తక్కువేమిటో ఆ ఉద్యోగమే నేర్పింది. ఫ్లాట్ కొన్నా అక్కడ బై-లాస్ ఉంటాయి. అంటే సభ్యులంతా కలిసి తమకు తామే రాసుకున్న నియమాలు. కిటికీ గ్రిల్స్ అందరివీ ఒకే డిజైన్. బయటి తలుపులకు ఒకే రంగు. అన్నింటికంటే గట్టిది స్లాబ్ నియమం. కింది ఇంటి కప్పే పై ఇంటి నేల కాబట్టి, దానికి డ్రిల్ పెట్టాలంటే పై ఫ్లాట్ ఓనరు ఎన్.ఓ.సి. ఇవ్వాలి, అంటే తనకు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. ఊరికే పుట్టిన నియమం కాదది. అంతకుముందు ఎవరో హాల్లో ఝూమర్, అంటే గాజు దీపాల గుత్తి, వేలాడదీయాలని డ్రిల్ చేయిస్తే పైవాళ్ల నీళ్ల పైపు పగిలి, సరిగ్గా దీపావళి నాడు రెండిళ్లూ బకెట్లు పట్టుకుని కూర్చున్నాయి.

రెండో అంతస్తులో 203 సలోమి టీచర్‌ది. మెదక్ దిక్కు మనిషి. పెళ్లి చేసుకోలేదు. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ బడిలో టీచరుగా, హాస్టల్ వార్డెన్‌గా పనిచేసి, రిటైరయ్యాక ఈ ఫ్లాట్ కొనుక్కున్నారు. ఉద్యోగమున్నంత కాలం హాస్టల్ గదుల్లోనే గడిపిన మనిషి. ఒకరోజు ఆఫీసుకొచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"బిడ్డా, నాకు ఉయ్యాల ఏసుకోవాలని ఉంది. కొక్కాలకు పర్మిషన్ గావాలె."

మా పాపే కళ్ల ముందు మెదిలింది. "ఎవరి పాపకు, టీచర్ గారూ? మీ చెల్లెలి మనవరాలు వస్తుందా?"

"పాప ఏంది? నాకే."

చూద్దురు గానీ రమ్మని పైకి తీసుకెళ్లారు. జుమ్మేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో ఎవరి పాత ఇంటిదో టేకు ఉయ్యాల బల్ల, ఇత్తడి గొలుసులు ఎప్పుడో కొనేశారు. బల్లను గోడకు ఆనించి, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి పెట్టారు.

"మా ఊర్ల డాక్టర్ దొరసాని ఇంటి వరండల గిసొంటిదే ఉండె," అన్నారు దుప్పటి తీస్తూ. "మా అమ్మ ఆ ఇంట్ల పని చేసేది. పిల్లలు ఊగుతుంటే ఊపేదాన్ని నేను. ఒక్కనాడన్న కూసోమనలే. ఇగ హాస్టల్ల ఉయ్యాల పిల్లలది. వార్డెన్ ఎక్కి ఊగితే ఏమన్న ఉంటదా? నా ఇల్లు నాకైనప్పుడు ఊగుత అనుకున్న."

పైన 303లో ఉండేది అసోసియేషన్ సెక్రటరీ నర్సింగరావు గారే. అబిడ్స్‌లో రెడీమేడ్ బట్టల షాపు. నా జీతం మీద సంతకం చేసేదీ ఆయనే. విషయం చెప్పగానే పకపకా నవ్వారు.

"గీ వయసుల ఊగుడేందమ్మా మాధవీ? ఇయ్యాల ఈమె ఉయ్యాల అంటది, రేపు నాలుగో ఫ్లోరోళ్లు జారుడుబల్ల అంటరు. మనది అపార్ట్‌మెంటా, పబ్లిక్ గార్డెనా?"

"దూలానికి వేస్తే ఇబ్బంది ఉండదేమో సార్. ఇంజనీరును పిలిపిస్తాను."

"పిలిపియ్యి. కానీ ఒకటి చెప్తున్న. దివాళీ నాడు పగిలింది నా పైపే, నీళ్లల్ల కూసున్నది నేను. నా మంచం కింద ఒకామె పొద్దుమాపు కిర్రుకిర్రుమని ఊగితే నాకు నిద్ర పడ్తదా? ఆమెకు ఇల్లున్నది, నాకు లేదా?"

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. ఆయన నేల కూడా ఆయన కష్టపడి కొనుక్కున్నదే. పైగా భయం అంటే ఏమిటో నాకు తెలుసు. నిజం చెప్పాలంటే కొక్కెం ఊడి టీచర్ గారు పడిపోయినట్టు నాకే రెండుసార్లు కల వచ్చింది.

ఇంజనీరు వచ్చి చూశాడు. పల్చటి స్లాబ్ జోలికి పోకుండా, గోడ నుంచి గోడకు ఉన్న బీమ్‌కు, అంటే సిమెంటు దూలానికి, పక్క నుంచి బోల్టులు బిగిస్తే ఇద్దరు కూర్చున్నా ఏమీ కాదన్నాడు. పైపులు ఆ వైపు లేవు. అయినా బీమ్ కూడా నియమం కిందికే వస్తుంది. ఎన్.ఓ.సి. కావాల్సిందే.

కమిటీ సమావేశానికి ముందురోజు నేనే టీచర్ గారి దగ్గరికి వెళ్లాను. "చిన్నపిల్లకు ఊయల కోసం అని చెప్పండి టీచర్ గారూ. పసిపిల్లకంటే ఎవరూ కాదనరు. వేశాక ఎవరు ఊగుతున్నారో వచ్చి చూస్తారా?"

ఆమె కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. కోపం రాలేదు. "ఇన్నేండ్లు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన. ఇప్పుడు నా ఇంట్ల నేను ఊగనీకి అబద్ధం ఆడాల్నా బిడ్డా? అట్లయితే అది నా ఇల్లెట్లయితది?"

సమావేశంలో లేచి నిలబడి, నాకే ఊగాలని ఉంది అన్నారు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజనీరు చెప్పింది నేను చదివి వినిపించాను. నర్సింగరావు గారు, పై ఫ్లాట్ తరఫున అభ్యంతరం ఉందని ఒక్క ముక్కలో తేల్చేశారు. టీచర్ గారు వాదించలేదు. "రూల్ అందరికీ ఒకటే కదా," అని కూర్చుండిపోయారు. ఆ తర్వాత ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా బల్ల కిటికీ దగ్గర నేల మీద పరిచి ఉండేది. దాని మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, పత్రిక చదువుకుంటూ కనిపించేవారు. గొలుసులు మాత్రం ఎప్పుడూ తళతళలాడుతుండేవి. చింతపండుతో తోమేవారట.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నర్సింగరావు గారి భార్య పద్మక్క ఆఫీసులోకి వచ్చింది. అంతవరకు ఆమె ఆ గది గడప తొక్కగా నేను చూడలేదు.

"మాధవీ, పై ఓనరు సంతకం అన్నవు కదా. పై ఓనరంటే ఎవరు?"

"ఇల్లు ఎవరి పేరున రిజిస్టర్ అయితే వాళ్లక్కా."

"మాది నా పేరు మీదనే ఉంది. ట్యాక్సులో ఏదో కలిసొస్తదని మా ఆయన అట్ల చేయించిండు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "పేరు నాదైతే అయింది గానీ, గోడకు ఏ రంగెయ్యాల్నో గూడ నన్ను ఎన్నడు అడగలే. నీ కాగితం తీయ్."

ఆ ఎన్.ఓ.సి. తీసుకుంటే సెక్రటరీని కాదన్నట్టే. తీసుకోకపోతే బై-లాస్‌నే కాదన్నట్టు.

"సార్ అడిగితే ఏం చెప్తావక్కా?"

"చెప్పేది ఏముంది, నేనే చెప్పిన నిన్న రాత్రి. సంతకం పెడ్తున్న అన్న. టీవీ సౌండ్ పెంచిండు. అంటే ఇష్టం లేదు గానీ ఆపడు." సంతకం చేసి పెన్ను నాకిచ్చింది. "ఒక్కటే షరతు. కిర్రుమనొద్దు. ఆయన దివాళీ నాటి నుంచి నీళ్ల సప్పుడైతెనే లేస్తడు. నవ్వుతడు గానీ భయస్తుడు. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఉంట. అప్పుడు ఎంత ఊగినా సరే. నేను గూడ కిందికి పోయి ఊగుత."

బోల్టులు బిగించేటప్పుడు నర్సింగరావు గారు స్వయంగా కిందికి వచ్చి నిలబడ్డారు. డ్రిల్ ఆగేదాకా కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆగాక దూలాన్ని తడిమి చూసి, "కుంకుడుకాయంత రంధ్రం. దీనికేనా ఇంత లొల్లి?" అని, కొక్కేలకు నూనె ఎప్పుడెప్పుడు వేయాలో టీచర్ గారికి తానే క్లాసు చెప్పి వెళ్లారు. "ఔ సార్," అంటూ ఆమె బుద్ధిగా విన్నారు.

పాపను చూసుకోవడం అత్తమ్మకు కష్టమవుతుంటే, మరుసటి ఏడాది ఆ ఉద్యోగం మానేశాను. చెప్పి వెళదామని 203కి వెళితే టీచర్ గారు పట్టుబట్టి నన్ను ఉయ్యాల మీద కూర్చోబెట్టారు. నా చూపు కొక్కేల మీదే ఉంది.

"అటు చూడకు బిడ్డా. కిటికీ దిక్కు చూడు."

కిటికీలోంచి పోస్టాఫీసు వైపు చెట్ల కొనలు కనబడుతున్నాయి. వెనక నుంచి ఆమె మెల్లగా ఊపారు. చప్పుడు లేదు.

"నువ్వు ఇల్లు కొన్నంక ఏం పెట్టుకుంటవు?"

"బాల్కనీకి గ్రిల్ టీచర్ గారూ, పాప వంగకుండా. బాత్రూంలో జారని టైల్స్. ప్లగ్గులకు మూతలు. పాపకు ఒక కొక్కెం..."

"అవన్ని పాపకు. నీకు?"

నేను మళ్లీ కొక్కేల వైపు చూశాను. ఆమె ఊపుతూనే ఉన్నారు.

నియమాలతో పనిచేసిన ఆ కొద్ది కాలంలో నాకు అర్థమైంది ఇదే. నియమాలు మనుషులకు శత్రువులు కావు. నర్సింగరావు గారి భయం నిజం, బకెట్లు నిజం. కానీ పిల్లల కోసం, పెద్దల కోసం అంటే దారిచ్చే మనం, ‘నా కోసమే’ అన్న మనిషికి మాత్రం నవ్వే సమాధానంగా ఇస్తాం. నియమాలకు అవతల అసలు అభ్యంతరం అదే. నేను కూడా ఆ రోజు టీచర్ గారికి నేర్పబోయింది, సొంత ఇష్టాన్ని పసిపిల్ల పేరు వెనక దాచుకోమనే.

ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉన్నాం. పాపకు మూడేళ్లు నిండాయి. పక్కగదిలో పడుకుంది, మధ్యమధ్య లేచి చూసి వచ్చి రాస్తున్నాను. ఇల్లు కొంటే నీకేం కావాలన్న టీచర్ గారి ప్రశ్నకు జవాబు ఈమధ్యే దొరికింది. నాకు ఒక కిటికీ కావాలి. పక్కకు ఒరిగి కూర్చునేంత వెడల్పు గట్టు ఉండాలి. అడ్డం ఏమీ లేకుండా, చేయి చాపితే వాన తగలాలి.

పాప ఉంది కాబట్టి గ్రిల్ పెట్టించక తప్పదు. కానీ వెల్డింగ్ చేయవద్దని చెబుతాను. బోల్టులతో బిగించమంటాను, పాప పెద్దదయ్యాక నా చేతులతో నేనే విప్పుకునేలా.