చీఫ్ ఇంజినీరు రాసిన అంకె

గురుగ్రామ్‌లో మా ఆఫీసు పదకొండో అంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి సముద్రం మాట అటుంచి, నవంబరులో పొగకి ఎదుటి మేడ కూడా కనపడదు. అక్కడ కూర్చుని, మా కంపెనీ ఓడలు ఎంత చమురు కాలుస్తున్నాయో చూడడం నా పని. ప్రతి ఓడ నుంచీ రోజూ మధ్యాహ్నం ఒక నివేదిక వస్తుంది: ఎంత దూరం నడిచింది, ఎంత కాల్చింది. వాటిని కలిపి ఏడాది చివర ఓడ వదిలిన కార్బన్‌కు గ్రేడు ఇస్తారు. గ్రేడు పడిపోతే సరుకు ఇచ్చేవాళ్లు మొహం చాటేస్తారు.

ఓడల్లో ఒక పాత అలవాటు ఉంది. చాలామంది చీఫ్ ఇంజినీర్లు రోజూ కాల్చినదానికన్నా కాస్త ఎక్కువ రాసి, ఆ మిగులును తుఫాను రోజులకని ట్యాంకులో దాచుకుంటారు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ బయటికి అనరు.

ఒక ఓడ చీఫ్ ఇంజినీరుది కాకినాడ. నాకన్నా పెద్దాయన. ఒక ఏడాది ఆయన అంకెలు పెరుగుతూ పోతుంటే ఫోన్ చేశాను.

"చీఫ్ గారూ, మరీ ఇంత దాచేస్తున్నారేంటి? అక్కడేమన్నా బంకు పెడతారా?"

"దాచుకోడం నాకు అలవాటు లేదండీ. ఓడ అడుగంతా గుల్లలు పట్టేసింది. ఎంత తోసినా కదలట్లేదు. డైవర్లని పంపి గీకించండి, చమురు దానంతటదే తగ్గుద్ది."

నేను నమ్మలేదు. నమ్మితే ఓడను ఆపి శుభ్రం చేయించాలి. "అరే భయ్యా, చీఫ్ దాచుకున్నది తీసేసి రాయి, ఠీక్ హై?" అన్నాడు మా మేనేజరు. తీసేశాను. రోజుకు కొంచెం చొప్పున, నెలల తరబడి, నేనే తీసేశాను.

గ్రేడు నిలిచింది. కార్బన్ తగ్గించినందుకు మాకొక గాజు జ్ఞాపిక ఇచ్చారు. బయట జనం మాస్కుల్లో దగ్గుతుంటే, లోపల మేం గాలిని కాపాడామని చెప్పుకుని సమోసాలు తిన్నాం. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత బయటి నుంచి తనిఖీదారు వచ్చాడు. నా అంకెల ప్రకారం ట్యాంకులో మిగలాల్సిన చమురు అక్కడ లేదు. ఎలా ఉంటుంది? అదంతా నిజంగానే కాలిపోయింది. ఓడలోని లాగ్‌బుక్‌లో ఆయన అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అయినా మేనేజరు తడుముకోలేదు. "చీఫ్‌లంతా ఎక్కువే రాస్తారు కదా. ఈయన ఎక్కువ రాసి, ఆ తేడా అమ్ముకున్నాడు" అన్నాడు.

ఆయన్ను ఓడ దింపి మా ఆఫీసుకు పిలిపించారు. మీటింగు గదిలో అందరి ముందూ ఆయన నావైపు తిరిగి, "నేను మీకు ఫోన్లో చెప్పాను కదండీ?" అన్నాడు. నేను లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాను. చమురు అమ్ముకున్నవాడన్న పేరు పడ్డాక ఆయన్ను ఏ కంపెనీ ఓడ ఎక్కించుకోలేదు.

పోయిన నెల ఆ ఓడను మరమ్మతుకని ఒడ్డుకెక్కించారు. ఫొటోలు వచ్చాయి. అడుగున పిడికిలంత మందాన గుల్లలు. మేనేజరుకు చూపిస్తే "ఛోడో యార్, పురానీ బాత్ హై" అన్నాడు. పాతదట! ఆయనింకా ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు.

ఆదివారం జనక్‌పురిలో మా ఇంటి బాల్కనీలోంచి ఆయనకు ఫోన్ చేశాను. "చీఫ్ గారూ, మీ అంకెలే నిజం. కోసేసింది నేను."



"నాకెందుకండీ చెప్తారు? అది నాకు తెలిసిందేగా. ఆ రోజు గదిలో కూర్చున్నోళ్లకి చెప్పండి" అని పెట్టేశాడు.

సోమవారం ఆయన పంపిన నివేదికలూ, నేను దిద్దినవీ పక్కపక్కన పెట్టి తనిఖీదారుకూ, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ పంపాను. మేనేజరు పరుగున వచ్చి, "పాగల్ హో గయా క్యా?" అని అరిచాడు. "ఆయన నాకు ఫోన్లో చెప్పాడు!" అని నేనూ అరిచాను, పక్క గదులకు వినపడేలా. ఆ అరుపు మీటింగు రోజునే అరవాల్సింది.