పేరు ఒక్కటే తీసేశాను

మన తల వెంట్రుకల లెక్క కూడా తన దగ్గర ఉంచుకుని, ఆ లెక్క ఇంకెవరికీ చూపించని దేవునికి స్తోత్రం. ఏది చెప్పాలో ఏది దాచాలో ఎరిగిన ఆయనకే మహిమ. ఆ రెండింటికీ తేడా తెలియక ఒక మనిషి బతుకును నలుగురిలో పెట్టిన నన్ను ఇంకా తన మందిరంలో కూర్చోనిస్తున్నందుకు ఆయనకు వందనాలు.

జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగుల రికార్డుల విభాగం చూస్తాను. పెద్ద ఇళ్ళవాళ్ళు వస్తారు, వాళ్ళ డ్రైవర్లూ వంటవాళ్ళూ వస్తారు, పక్కనే ఫిల్మ్ నగర్ కాబట్టి షూటింగుల్లో దెబ్బలు తగిలినవాళ్ళూ వస్తారు. ఆసుపత్రుల్లో కంప్యూటర్ వాడకం పెరగాలని డాక్టర్లు, నర్సులు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నాలాంటి రికార్డుల వాళ్ళు కలిసి పెట్టుకున్న అసోసియేషన్ ఒకటి ఉంది. నెలకో శనివారం ఒక హోటల్ మేడ మీద కలుస్తాం. దానికి నేను కార్యదర్శిని.

నాకది ఉద్యోగం పక్కన పెట్టుకున్న కాలక్షేపం కాదు, సేవ. కొన్నేళ్ళ కిందట ఎర్రగడ్డ మెట్రో మెట్ల కింద ఒకామెను చూశాను. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా భర్త రిపోర్టులు. వాన నీళ్ళు లోపలికి పోయి కాగితాలన్నీ ముద్దయ్యాయి. ఆయనకు ఏ మందు పడదో అందులోనే రాసి ఉందట. “ఇప్పుడు డాక్టర్ అడిగితే ఏం జెప్పాలె?” అని ఏడుస్తోంది. మనిషి వైద్య చరిత్ర ఆ మనిషి వెంటే నడవాలని, తడవని చోట ఉండాలని ఆ రోజు నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. ఆదివారం మా చర్చి సంఘంలో ప్రార్థన మనవుల చీటీలు చదివేది నేనే. పేర్లు చదవకూడదని పాస్టరు అయ్యగారి కట్టడి. అందుకని, “యూసుఫ్‌గూడ నుంచి ఒక సహోదరుడు, కిడ్నీలో రాళ్ళు, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు, ప్రార్థించండి” అని చదువుతాను. సంఘమంతా ఒక్కసారిగా మూడో బెంచీ వైపు తిరుగుతుంది. ఆయన తల దించుకుంటారు. పేరు చెప్పలేదు కదా అని నేను తర్వాతి చీటీ తీస్తాను. పదిహేనేళ్ళు అలాగే చదివాను. పేరు పలకకపోతే గుట్టు కాపాడినట్టేనని నాలో స్థిరపడిపోయింది.

ఒకసారి, ఫిల్మ్ నగర్‌లో సినిమా కార్మికులకు మా పద్ధతి చూపించాలని అసోసియేషన్ నిర్ణయించింది. ఒక్క నంబరు కొడితే పాత వైద్యమంతా కంప్యూటర్ తెర మీద కనిపిస్తుందని, ఏ ఆసుపత్రికి వెళ్ళినా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదని వాళ్ళకు నచ్చచెప్పాలి. అంతకుముందు నెల మా మీటింగులోనే ఒక డెమో అభాసుపాలైంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు పెట్టిన ఉత్తుత్తి రోగికి వయసు నూట ఎనిమిది, మగ, మూడో నెల గర్భం.

“కాన్పు మీ ఆసుపత్రిలోనేనా అమ్మా?” అని ఒక డాక్టరు నన్నడిగారు.

“రూము ముందే బుక్ చేసుకోమనండి, తాతగారు మెట్లెక్కలేరు” అన్నారు ఇంకొకరు.

అందరూ పగలబడి నవ్వారు. మా అధ్యక్షులు పెద్ద డాక్టరు, నెమ్మదస్తులు. ఆయన మాత్రం నవ్వలేదు. “ఈసారి బతికున్న మనిషిలా ఉండాలమ్మా. వచ్చేది సినిమావాళ్ళు, నకిలీని ఇట్టే పట్టేస్తారు” అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను మా ఆసుపత్రి రికార్డుల్లోంచి ఒక నిజమైన రోగి ఫైలు కాపీ తీశాను. సినిమావాళ్ళకు చూపించేది కాబట్టి సినిమా మనిషిదైతే బాగుంటుందనుకున్నాను. ఒక ఫైటరు, అంటే ఫైట్ సీన్లలో హీరో చేతిలో దెబ్బలు తిని పడేవాళ్ళలో ఒకడు. పేరు మార్చాను. ఫోను నంబరు చెరిపేశాను. చిరునామా తీసేశాను. డాక్టరు రాసిన నోట్సు జోలికి పోలేదు. అది ఉంటేనే కదా బతికున్న మనిషిలా కనిపించేది. తప్పు చేస్తున్నానన్న తలంపే రాలేదు. బయల్దేరే ముందు మోకరించి ప్రార్థన కూడా చేసుకున్నాను, మధ్యలో నెట్ ఆగిపోకూడదని.

నెట్ ఆగలేదు. ఫిల్మ్ నగర్ కమ్యూనిటీ హాల్లో లైట్లవాళ్ళు, మేకప్పువాళ్ళు, ఫైటర్లు, వాళ్ళ యూనియన్ పెద్దలు కూర్చున్నారు. నంబరు కొట్టాను. గోడంత తెర మీద అక్షరాలు పడ్డాయి. సినిమాల్లో ఫైటరు. తాడు కట్టి పైకి లేపే షాట్‌లో జారి పడ్డాడు. ఎడమ చెవి వెనక కుట్లు. ఆరు నెలల తర్వాత ఫిట్స్ మొదలు. దాని కింద మాత్రల పేర్లు. అన్నిటికన్నా కింద ఒక వాక్యం: పని చేసే చోట తెలియకూడదని కోరుకుంటున్నాడు.

ఆ చివరి వాక్యం నేను అంతకుముందు చదవలేదు. పొడుగైన ఫైలు దొరికిందన్న సంతోషంలో అక్కడిదాకా రాలేదు.

రెండో వరసలో, షూటింగులకు ఫైటర్లను పిలిచే మేనేజరు కూర్చున్నాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. “అరే, గా చెవెన్క కుట్లు మనోనివే గదనే?”

“గందుకేనా రోప్ షాట్ అంటే కాలు నొస్తుందంటడు!” అన్నాడు పక్కవాడు. ముందు వరస దాకా నవ్వులు పాకాయి. నేను గబగబా పేజీ మార్చాను. మార్చిన పేజీలో ఏముందో, నేనేం మాట్లాడానో ఇప్పుడు గుర్తు లేదు.

కారులో తిరిగి వస్తూ అధ్యక్షులకు చెప్పాను. ఆయన “పేరు తీసేశాం కదమ్మా” అన్నారు. మళ్ళీ ఆయనే, “ఒక రకంగా మంచిదేనేమో. ఫిట్స్ ఉన్న మనిషి తాడు మీద వేలాడితే ప్రాణానికే ప్రమాదం” అన్నారు. ఆ మాటను గట్టిగా పట్టుకుందామని చూశాను. కార్యదర్శిగా మినిట్స్ రాసేది నేనే. కార్యక్రమం జయప్రదంగా ముగిసిందని రాశాను.

మూడు వారాల తర్వాత అతను మా రికార్డుల కిటికీ ముందుకు వచ్చాడు. ఫైలు నంబరు చెప్పగానే ఎవరో తెలిసింది. చెవి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

“మేడం, నా ఫైలు ఎవ్వరు జూడలేదని జర కాగితం రాసిస్తరా?”

“ఎందుకండీ?”

“మా బామ్మర్ది నా బీమారి ముచ్చట బయట చెప్పిండు. ఇంట్ల నా పెండ్లాం గాక ఆనికొక్కనికే ఎర్క. నేను చెప్పలే బావా అని ఒట్లు వెడ్తుండు. మీ కాగితం ఆని మొకాన గొడ్త. మూడు వారాల సంది ఆన్ని ఇంటికి రానిస్తలే.”

కాగితం రాసివ్వడం నా చేతిలో పని. మా విభాగం ముద్ర పక్కనే ఉంది. లోపలికి పిలిచి కుర్చీ వేసి, “మీ బామ్మర్ది కాదు, నేను” అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను.

“మీరెవరో గూడ నాకెర్క లేదు గద మేడం” అన్నాడు.

“మీ పేరు తీసేశానండీ.”

“పేరు తీసేసిండ్రు, మంచిదే. మరి నన్నెందుకు ఉంచిండ్రు?”

అతనే చెప్పుకుంటూ పోయాడు. ఫిట్స్ వచ్చినప్పుడే తాడు పని మానేశాడు. కాలు నొప్పి సాకు అందుకే. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాడు, రెండేళ్ళుగా ఫిట్స్ రాలేదు. నేల మీద ఫైట్లు చేసుకోవచ్చని మా డాక్టరే అన్నారు. “గాల్ల ఎగిరేది ఎప్పుడో బంద్ జేసిన మేడం. కింద తన్నులు తినేటందుకు గూడ పిలుస్తలేరిప్పుడు. రెస్ట్ తీస్కో అంటుండ్రు. గాళ్ళేం తిట్టరు, నవ్వుతనే అంటరు.” అంటే అధ్యక్షులు అన్న మంచి కూడా అందులో లేదు. ప్రమాదాన్ని అతను నాకన్నా ముందే తప్పించుకున్నాడు.

“అసోసియేషన్‌లో లేచి నా తప్పు ఒప్పుకుంటాను. మా సంఘంలో కూడా అందరి ముందూ ఒప్పుకుంటాను” అన్నాను. చిన్నప్పటి నుంచి నాకు నేర్పింది అదే. దాచిన పాపం లోపల కుళ్ళుతుంది, నలుగురిలో చెప్పుకుంటే బరువు దిగుతుంది.

“ఏమని ఒప్పుకుంటరు? మల్ల నా ముచ్చటనే గద జెప్పాలె. మీకు మనసు తేలికైతది. నాకేమైతది?” అన్నాడు. “నోరు మూస్కొని ఉండుండ్రి మేడం. గంతే అడుగుతున్న.”

అంత కష్టమైన మాట నాకు ఏ ప్రసంగంలోనూ తగల్లేదు. కుష్ఠరోగిని బాగుచేసి, ఎవరితోనూ అనవద్దని పంపించిన ప్రభువు సంగతి ఎన్నోసార్లు విన్నాను. ఆయన ఎందుకలా అన్నాడో అయ్యగార్లు రకరకాలుగా వివరిస్తారు. ఆ మాట రోగి కోసం కూడా అయి ఉండవచ్చని ఆ మధ్యాహ్నమే నాకు మొదటిసారి తోచింది.

మా ఆసుపత్రి సూపరింటెండెంటుకు మాత్రం ఫైలు నంబరు వేసి నా తప్పు రాసిచ్చాను. అది ఉద్యోగ ధర్మం, అది చేస్తానని అతనికి ముందే చెప్పాను. మెమో ఇచ్చారు, ఫైళ్ళ కాపీ తీసే అనుమతి తీసేశారు. న్యాయమే. అతను సరేనన్నాకే బామ్మర్దికి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పాను. “గీ మాట మా అక్కకు జెప్పుండ్రి మేడం, బావ కన్న ఆమెనే ఎక్కువ తిట్టింది” అన్నాడు. ఆమెతోనూ మాట్లాడాను.

అసోసియేషన్ మానలేదు. ఇప్పుడు డెమోలకు రోగులను నేనే కూర్చుని మొదటి నుంచి కల్పిస్తాను. దగ్గు దగ్గర నుంచి కంటి అద్దాల దాకా, ఈ లోకంలో పుట్టని మనుషులను. ఎందుకింత శ్రమ అని అడిగితే, పద్ధతి అలా ఉండాలంటాను. సంఘంలో చీటీలు చదవడం ఆపేశాను. పెట్టెలో పెట్టి, పెట్టె మీద చేయి వేసి ప్రార్థిస్తాం. ఒక పెద్దావిడకు అది అస్సలు నచ్చలేదు.

“ఎవరికేం జబ్బో తెలియకుండా ఎలా ప్రార్థించాలే?”

“దేవుడికి తెలుసు కదండీ పిన్నిగారూ.”

“ఆయనకెప్పుడూ తెలుసు! తెలియంది మాకే!”

అతనికి పని ఇంకా తిరిగి రాలేదు. నేల మీద ఫైట్లు చేయవచ్చని డాక్టరు ఉత్తరం ఇచ్చారు. అది జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు. చూపిస్తే జబ్బును తన చేతులతోనే ఒప్పుకున్నట్టు, చూపించకపోతే దాచినట్టు. ప్రస్తుతానికి సెట్‌లో, మిగతావాళ్ళు పడే చోట పరుపులు వేస్తున్నాడు. పై నెలలో కొత్త ఫైటుకు రిహార్సల్ ఉంది. ఫైట్ మాస్టరు పిలుస్తాడో లేదో తెలియదు.

ఇది అచ్చుకు ఇచ్చే ముందు అతనికి చదివి వినిపించాను. ఇందులో అతని పని, జబ్బు, ఒంటి మీద గుర్తు, ఇంట్లో ఎవరితో మాట పోయిందన్నది, అన్నీ మార్చాను. చెరిపేయడం కాదు, ఒక్కొక్కటీ పక్కన పెట్టి వేరేది రాశాను. రెండు చోట్ల, “గిది తీసెయ్యుండ్రి” అన్నాడు, తీసేశాను. చివరికి, “ఆఁ, గిప్పుడు గీండ్ల నేను లేను” అన్నాడు. నవ్వలేదు.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, ఒక మనిషికి తన పని తనకు తిరిగి దొరకాలని నాతో కలిసి ప్రార్థించండి. ఎవరని అడగకండి, ఊహించకండి, మీకు తెలిసిన వాళ్ళలో వెతకకండి. ఆ మనిషి ఎవరో దేవుడికి తెలుసు.