నాలుగు వేళ్లు పైకి లేచిన జీపు

పెద్దమ్మ పోయిందని తెల్లవారుజామున ఆమె కొడుకు, మా తమ్ముడు, ఫోన్ చేశాడు. ఆ వెంటే అన్నాడు: "డొంకలో నీళ్లుండాయక్కా." చావు కబురు వెంట ఆ మాట ఎందుకొచ్చిందో మా ఇందుకూరుపేట వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మీకు మాత్రం చెప్పాలి. అది చెప్పకుండా మా పెద్దమ్మ గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది.

ఊరి నుంచి సముద్రం వైపు పోయే పాత బండిదారి మా డొంక. దాని చివర ఇసుక దిబ్బ మీద మా క్రైస్తవుల సమాధుల తోట. పెదనాన్న అక్కడే ఉన్నాడు. రెండు వైపులా వరి పోయి రొయ్యల గుంటలు వచ్చాక, గుంటల్లోని మురుగునీళ్లు డొంకలోకి వదలడం మొదలైంది. గట్లు ఏడాదికి కొంచెంగా డొంకలోకి జరిగాయి. బురదకు భయపడి జనం ఆ దారి మానేశారు. సమాధుల తోటకు పోవాలంటే గుంటల యజమానిని అడిగి, ఆయన గట్టు మీదుగా పోవడం అలవాటైంది. ఆయన ఎవరినీ కాదన్నది లేదు. పెద్దమ్మకు కిట్టనిది సరిగ్గా అదే.

"అడిగితే ఇచ్చేది దారెట్లయితది మే? దయ అయితది" అనేది.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు రెవెన్యూ ఆఫీసుకు పోయి డొంక సంగతి చెప్పుకుంది. అక్కడి అధికారి అంతా విని, "ఇప్పుడు ఆ దారిలో ఎవరు పోతున్నారమ్మా?" అని అడిగాడు. తప్పు పట్టాల్సిన ప్రశ్నేమీ కాదు. నేనైతే అక్కడే తడబడి ఉండేదాన్ని. పెద్దమ్మ జవాబు చెప్పకుండా లేచి వచ్చేసింది. జవాబు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది: పెదనాన్న ఎప్పుడో వేలంలో తెచ్చుకున్న చిన్న పాత జీపు, నాలుగు చక్రాలూ లాగే రకం.

మొదటిసారి డొంకలోకి దించినప్పుడు అది సగం దారిలోనే ఆగిపోయింది. ఇంజన్లోకి నీళ్లు పోయాయి. బయటికి లాగిన ట్రాక్టరు ఎవరిదనుకున్నారు, గుంటల యజమానిదే. ఆయన చేతులు కట్టుకుని, ఎంతో నెమ్మదిగా, ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తిప్పలు అన్నాడట. ఆ రాత్రి ఫోన్లో పెద్దమ్మ నాతో చెప్పింది: "నీళ్ల మీద రాలేదే నాకు కోపం. ఆయన మర్యాద మీద వచ్చింది."

తర్వాతి వారం నన్ను వెంటబెట్టుకుని నెల్లూరులో మెకానిక్ దగ్గరికి పోయింది. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, జీపుల గురించి నాకు తెలిసింది శూన్యం. అయినా దారి పొడవునా సందేహాలు చెబుతూనే ఉన్నాను. ఎత్తు పెంచితే మలుపుల్లో తిరగబడదా అన్నాను. "మనం మలుపులు తిరిగేదానికి పోవడంలే, తిన్నగా పోతుండాం" అంది.

జీపును పైకి లేపే సామాను మొత్తం ఒక సెట్టుగా బయటి రాష్ట్రం నుంచి తెప్పించాలని, ఖరీదెక్కువని మెకానిక్ అన్నాడు. ఉన్నదాంతో లేపు నాయనా అంది పెద్దమ్మ. జీపు బరువంతా మోసేవి కమాన్ పట్టీలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీలు. ఆ కట్టను బండి అడుగు చట్రానికి వేలాడదీసే ఇనుప ముక్కల్ని కాస్త పొడుగువి చేయించి మార్చడం ఒక పని. పాత సామాన్ల వ్యాను నుంచి తీసిన పట్టీని కట్టలో అదనంగా దూర్చడం ఇంకో పని. అప్పుడు బండి నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది, లేచిన సందులో పెద్ద టైర్లు పడతాయి. బ్రేకు గొట్టాలు మాత్రం కొత్తవి, పొడుగువి వేయాల్సిందేనని, అక్కడ పిసినారితనం చేస్తే తాను బండి ముట్టనని మెకానిక్ పట్టుబట్టాడు. పెద్దమ్మ దానికి ఒప్పుకుంది గానీ పట్టీల దగ్గర మొండికేసింది. పక్కకు ఒకటి చాలన్నాడు అతను. రెండు వేయమంది.

"ప్రార్థన ఒకటి తక్కువైనా దేవుడు సర్దుకుంటాడు. పట్టీ తక్కువైతే గుంత సర్దుకోదు" అంది. మెకానిక్ నవ్వి రెండూ వేశాడు.

అదే పొరపాటు. అంత చిన్న బండికి అంత బలమైన పట్టీలు పడేసరికి జీపు మేకపిల్లలా గెంతడం మొదలుపెట్టింది. తిరుగు దారిలో పైనున్న ఇనుప కమ్మీకి నా తల ఎన్నిసార్లు తగిలిందో. ఒక పట్టీ తీయించేద్దాం పెద్దమ్మా అన్నాను. ఆమె స్టీరింగు వదల్లేదు, ఇంకో గుంత దాటించింది.

"బండి తప్పు గాదు. ఖాళీగా పోవడం తప్పు" అంది.

ఆ మాట మీదే ఉండిపోయింది. బరువు వేస్తే ఆ జీపు ఎంతో బుద్ధిగా పోయేది. కాబట్టి ఆమె మళ్లీ ఎప్పుడూ ఖాళీగా పోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక వీధిలో హారన్ కొట్టి, సమాధుల తోటలో తమవాళ్లున్న ముసలమ్మల్ని ఎక్కించుకునేది. మామూలు రోజుల్లో దిబ్బ అవతల వలలు బాగుచేసుకునే ఆడవాళ్లను, వాళ్ల మంచినీళ్ల క్యాన్లను. కులం, మతం అడగలేదు. ఒళ్లు అడిగేది. "కాస్త బరువుండేవాళ్లు ఎనక కూర్చోండి, బక్కోళ్లు నా పక్కకు రాండి" అంటుంటే లావుపాటి ఆడవాళ్లు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కేవాళ్లు. చెప్పులు విప్పి, చీర చెంగు బొడ్లో దోపి, మొదటి గేరులో నీళ్లలోకి దించేది. "మధ్యలో ఆక్సిలేటరు మీంచి కాలు తీస్తే అయిపోయినట్టే" అని నాకు ఒక్కటే పాఠం చెప్పింది. ఇంటికొచ్చాక బోరునీళ్లతో బండి అడుగంతా కడిగేది. ఉప్పునీళ్లు ఇనుమును తినేస్తాయని, పాత టూత్ బ్రష్షుతో పట్టీల సందుల్లో వాడేసిన ఇంజనాయిలు పూసేది. ఆ పని ఇంకొకరిని చేయనిచ్చేది కాదు.

ఇంత చేసి ఆమె సాధించిందేమిటి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. డొంకలో నీళ్లు తగ్గలేదు. గట్లు వెనక్కి పోలేదు. ముందుకు జరగడం మాత్రం ఆగింది, అంతే. అంత చిన్న ఫలితానికి అంత మొండితనమా అని ఒకసారి అడిగేశాను. "ఆగింది గదా" అంది, నేను ఎందుకు అడుగుతున్నానో అర్థంకానట్టు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నానికి నేను ఊరు చేరేసరికి గుంటల యజమాని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. శవపెట్టెను మా గట్టు మీదుగా తీసకపోండమ్మా, చదును చేయించి ఇసుక పోయించినాను అన్నాడు. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగా ఉన్నాయి. ఆ మనిషిని ద్వేషించడం నాకు చేతకాలేదు. తమ్ముడు ఆ గుంటలకే మేత అమ్ముతాడు. వాడు నన్ను లోపలికి పిలిచాడు.

"గట్టు మీదే పోదామక్కా. నీళ్లలో బండి ఆగితే అమ్మ పెట్టె తడస్తది. నలుగురూ ఏమంటారు?"

నాకూ అదే భయం. పెద్దమ్మ తన చావు గురించి ఎవరికీ ఏమీ చెప్పిపోలేదు. ఇసుక పోసిన గట్టు పొడిగా ఉంది, పాస్టరు గారు నడవగలరు, ముసలివాళ్లు నడవగలరు. ఎవరినీ తప్పుపట్టే పని లేదు. నేను చాలాసేపు పెట్టె దగ్గరే నిలబడ్డాను. ఈ రోజు ఆమె గట్టు మీదుగా పోతే, రేపు ఆ ఆఫీసులో మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు, ఎవరు పోతున్నారని. ఆమె కూడా పోలేదని అందరూ చెప్పగలుగుతారు. ఇన్నేళ్లూ ఆమె ఇచ్చిన జవాబును ఒక్క మధ్యాహ్నంలో మేమే తుడిచేసినట్టవుతుంది.

బయటికొచ్చి గుంటల యజమానికి నమస్కారం పెట్టాను.

"మీరు పిలిచినారు, సంతోషం అన్నా. మేం డొంకలోనే పోతాం."

తమ్ముడు నన్ను చూశాడు, తర్వాత ఆయన్ని చూశాడు. షెడ్డులోకి పోయి జీపు తీశాడు. చెప్పులు వాకిట్లోనే వదిలేశాడు.

పెట్టె వెనక ఎక్కించాం. దాని పక్కన నేను, చెరో వైపు పట్టుకుని ఆడవాళ్లు. మిగిలినవాళ్లు చీరలు, పంచెలు పైకి కట్టి జీపు వెనక నీళ్లలోకి దిగారు. పాస్టరు గారు కూడా బూట్లు చేతబట్టుకుని దిగారు. నీళ్లు టైర్లను సగానికి పైగా ముంచాయి. ఇంజన్ గొంతు మారింది, తమ్ముడు కాలు తీయలేదు. గట్టు మీద గుంటల యజమాని మనుషులు తలగుడ్డలు తీసి వరసగా నిలబడ్డారు. జీపు లేపిన అల వాళ్ల కాళ్ల కింద గట్టును తాకి వెనక్కొచ్చింది, మళ్లీ తాకింది. కొత్తగా ఇసుక పోసిన చోట అంచు విరిగి, ఒక మట్టిపెళ్ల మెల్లగా జారి డొంకలో పడింది.